జవాబు చెప్పిన గొంతు

ఆ అమ్మాయికి నాలుగేళ్ళు వచ్చేదాకా మాటలు రాలేదు. ఇంట్లో అందరూ ముంగి అని పిలవడం మొదలుపెట్టారు. ఐదో ఏట నోరు విప్పింది. విప్పాక మళ్ళీ మూసిన పాపాన పోలేదు గానీ, పేరు మాత్రం అలాగే అతుక్కుపోయింది. తండ్రి బస్టాండు వెనక సందులో తాళంచెవులు చేసేవాడు. తల్లి ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. మనుషులు ముగ్గురు, గదులు రెండు. ఒక గదిలో మిషను మోత, ఇంకో గదిలో ముంగి మోత. వీటికన్నా దుకాణంలో ఆకురాయి చప్పుడే నయమని తండ్రి పెందలాడే బయలుదేరిపోయేవాడు.

స్కూలు చదువు అయ్యాక ముంగికి ఊరి బయట ఉన్న ప్రైవేటు యూనివర్సిటీలో సీటొచ్చింది. ఇంటర్నేషనల్ స్టడీస్‌లో డిగ్రీ, మూడేళ్ళు.

"అంటే ఏంటమ్మా? విమానంలో పనా?" అని అడిగాడు తండ్రి.

"కాదు నాన్నా. దేశాలు ఎందుకు కొట్టుకుంటాయో, మళ్ళీ ఎలా కలుస్తాయో చదువుతాం."

"అది మీ అమ్మనీ మీ పెద్దమ్మనీ చూస్తే తెలిసిపోదూ? దానికి మూడేళ్ళెందుకు?"

తల్లి మిషను ఆపి ఒక చూపు చూసింది. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

యూనివర్సిటీ అంతా అద్దాలే. కింది హాల్లో రంగురంగుల జెండాలు వరుసగా వేలాడేవి. తరగతుల్లో ఒప్పందాలు, సరిహద్దులు, యుద్ధాలు, శరణార్థులు పాఠాలుగా నడిచేవి. నెలకోసారి నమూనా సమావేశం జరిగేది. ఒక్కో విద్యార్థి ఒక్కో దేశం తరఫున కోటు వేసుకుని కూర్చుని మాట్లాడాలి. ముంగి కోటు తల్లే కుట్టింది. భుజాలు కాస్త ఎక్కువయ్యాయి. ఆ కోటులో ముంగి ఏ దేశం తరఫున లేచినా, ఆ దేశం ఎవరి దగ్గరో కోటు అడిగి తెచ్చుకున్నట్టే ఉండేది.

డిగ్రీ కావాలంటే ప్రతివాళ్ళూ రెండేళ్ళు ఒక విదేశీ భాష నేర్చుకోవాలి. అందరూ కోరుకునే భాషలు చీటీలు తీసి పంచారు. ముంగి పేరు ఏ చీటీలోనూ రాలేదు. చివరికి మిగిలింది ఒక్కటే. రెండు పెద్ద దేశాల మధ్య నలిగిపోయిన ఒక చిన్న కొండదేశపు భాష. ఎనిమిదేళ్ళుగా దాన్ని ఎవరూ తీసుకోలేదట. చెప్పడానికి మాస్టారు మాత్రం ఉన్నారు. ఒక్క విద్యార్థి కూడా లేకపోయినా వారానికి మూడు రోజులు టైంటేబుల్ ప్రకారం గదికి వచ్చి, పాఠం సమయం అయిపోయేదాకా కూర్చుని వెళ్ళేవారట. ముంగి మొదటిరోజు తలుపు తీసేసరికి ఆయన ఉలిక్కిపడి లేచి నిలబడ్డారు.

"ఎవరు కావాలమ్మా?"

"మీరే సార్. నేను మీ స్టూడెంట్‌ని."

ఆయన కాసేపు నమ్మలేదు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని, సుద్దముక్క కోసం సొరుగంతా వెతికారు.

మాస్టారు చదివి నేర్చుకున్న మనిషి. ఆ దేశం ఎప్పుడూ చూడలేదు. "ఉచ్చారణ నా దగ్గర నేర్చుకోకమ్మా. చెడిపోతావు," అని ఆయనే ఒప్పుకున్నారు. "ల్యాబులో క్యాసెట్లున్నాయి, నలభై. ఆ దేశం వాళ్ళు ఎప్పుడో బహుమతిగా పంపారు. అక్కడి రేడియోలో వార్తలు చదివే ఆవిడ గొంతు. ప్రశ్న అడిగి కాస్త ఖాళీ వదుల్తుంది. నువ్వు జవాబు చెప్పాలి. జవాబుల పుస్తకం మాత్రం ఎవరో పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు."

భాషల ల్యాబు మూడో అంతస్తు చివర ఉంది. మిగతా భాషల వాళ్ళందరికీ ముందు వరుసల్లో కంప్యూటర్లు పెట్టారు. వెనక మూల మాత్రం పాతకాలపు అరలు, చెక్కతో చేసినవి, అలాగే వదిలేశారు. ఒక్కో అరలో ఒక మనిషి కూర్చోవచ్చు. మూడు పక్కలా మెత్తటి అట్టలు అతికించి ఉండడంతో లోపల తల పెడితే బయటి చప్పుడు పూర్తిగా ఆగిపోయేది. ఏడు నంబరు అర ఒక్కదాంట్లోనే క్యాసెట్ మిషను పనిచేసేది. దానికీ మైకు పాడైపోయింది. వినడమే తప్ప మన గొంతు ఎక్కదు.

మధ్యాహ్నం భోజనాల గంటలో ల్యాబంతా ఖాళీ. ఎండ కిటికీలోంచి నేల మీద పడి ఉండేది. ముంగి హెడ్‌ఫోన్సు పెట్టుకుని మొదటి క్యాసెట్ వేసింది.

రేడియో ఆవిడ గొంతు ఎడమచెవిలో వినిపించింది. గాజుగ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు స్పష్టంగా ఉంది. నమస్కారం చెప్పి ఏదో అడిగింది. ఖాళీ వచ్చింది. ముంగికి ఏం చెప్పాలో తెలియక ఊరుకుంది.

అప్పుడు కుడిచెవిలో ఎవరో జవాబు చెప్పారు.

ముంగి గబుక్కున కుడివైపు తిరిగింది. అట్ట గోడ. లేచి అర వెనక్కి చూసింది. ఎవరూ లేరు. తన తెలివికి తనే నవ్వుకుని కూర్చుంది. జవాబుల పుస్తకం పోయినా జవాబులు టేపులోనే ఉన్నాయన్నమాట, బతికిపోయాననుకుంది. ఆ రెండో గొంతు కూడా ఆడగొంతే. బాగా తగ్గి, కాస్త బొంగురుగా, ఎవరైనా వింటారేమోనన్నట్టు ఉంది. దాని వెనక ఎక్కడో నీటిచుక్క పడుతున్న చప్పుడు. ఒక్కో చుక్క, చాలాసేపు ఆగి ఇంకో చుక్క. కొండదేశం కదా, ఎప్పుడూ వానలేమో అనుకుంది.

అలా మొదటి ఏడాదంతా ఆ గొంతునే పట్టుకుని నేర్చుకుంది. అర్థం తర్వాత చూసుకోవచ్చు, ముందు నోరు తిరగాలని మాస్టారు చెప్పారు. అందుకని ఎడమచెవి ప్రశ్న, కుడిచెవి జవాబు, రెండూ వల్లె వేసేది. కుడిచెవి ఆవిడకి ఒక అలవాటుంది. ఔననాలంటే ఊపిరి బయటికి వదలదు. చటుక్కున లోపలికి పీలుస్తుంది, చన్నీళ్ళలో కాలు పెట్టినవాళ్ళలా. ముంగికి అది ఎంత అలవాటైపోయిందంటే ఇంట్లో కూడా అలాగే ఔననడం మొదలుపెట్టింది.

"అన్నం పెట్టనా?" అని తల్లి అడిగితే ముంగి ఊపిరి లోపలికి లాగేది.

"అలా చెయ్యకే తల్లీ. ప్రాణం పోయేవాళ్ళు పీల్చినట్టుంది. నా గుండె ఆగిపోతోంది."

ఒక ఆదివారం పట్టపగలు ముంగి మంచం మీద ఒరిగి కునుకు తీసింది. తల్లి పక్కన కూర్చుని బొత్తాలు కుడుతోంది. నిద్రలో ముంగి మాట్లాడింది. తన గొంతుతో కాదు. తగ్గించిన, బొంగురు గొంతుతో, తెలియని భాషలో, ఒకే మాట రెండుసార్లు అంది. తల్లి చేతిలో సూది వేలికి దిగింది.

"ఎవరితో మాట్లాడావే?" అని లేపి అడిగింది.

"పాఠం అమ్మా. పద్నాలుగో క్యాసెట్. మీ అన్నయ్య ఏం చేస్తున్నాడు అని అడుగుతారు."

"నువ్వేం చెప్పావు?"

"ఏమో. ఇంకా అర్థం తెలీదు."

"నీకు అన్నయ్యే లేడు కదే," అంది తల్లి, వేలు నోట్లో పెట్టుకుని.

మాస్టారు కూడా అప్పుడప్పుడు చిత్రంగా చూసేవారు. ముంగి ఏదైనా వాక్యం చెప్తే ఆపి, "ఈ రూపం ఎక్కడ నేర్చుకున్నావు? వ్యాకరణంలో లేదే. ఇలా ఎవరూ అనరమ్మా," అనేవారు. టేపులో అలాగే ఉంది సార్ అంటే, సరిగ్గా విని ఉండవు అనేవారు. ముంగి సరేనని దిద్దుకునేది. మర్నాడు నోట్లోంచి మళ్ళీ అదే వచ్చేది.

ఆ ఏడాది సరిహద్దుల పాఠంలో ఆ కొండదేశం ప్రస్తావన ఒక్కసారే వచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట పొరుగుదేశంతో కలిసి పెద్ద ఆనకట్ట కట్టారు. ఒక లోయ అందులో మునిగింది. "ఒప్పందం ప్రకారం పదకొండు గ్రామాలను శాంతియుతంగా ఖాళీ చేయించారు. రెండు మార్కుల ప్రశ్న, గుర్తుపెట్టుకోండి," అని ప్రొఫెసర్ పేజీ తిప్పాడు. పరీక్షలో ఆ ప్రశ్న వచ్చింది. ముంగి ఆ వాక్యాన్ని పొల్లుపోకుండా రాసింది. రెండుకి రెండు వచ్చాయి.

రెండో ఏడాది మొదలయ్యాక భాష నెమ్మదిగా విచ్చుకుంది. ఒకరోజు మాస్టారు బోర్డు మీద 'పక్కన', 'వెనక', 'కింద' అనే మాటలు రాసి చూపించారు. ముంగి రాసుకుంటూ మధ్యలో ఆగిపోయింది. ఐదో క్యాసెట్‌లో మీ ఇల్లు ఎక్కడ అని రేడియో ఆవిడ అడుగుతుంది. కుడిచెవి జవాబుని ముంగి ఇన్నాళ్ళూ 'నీళ్ళ పక్కన' అనుకుంది, నది ఒడ్డున ఇల్లేమోనని ముచ్చటపడింది కూడా. ఇప్పుడు బోర్డు మీది మాట చూస్తే అది 'పక్కన' కాదు.

నీళ్ళ కింద.

ఆ మధ్యాహ్నం భోజనం మానేసి ల్యాబుకి పరుగెత్తింది. నోటుపుస్తకం, నిఘంటువు ముందు పెట్టుకుని క్యాసెట్లు ఒక్కొక్కటే మళ్ళీ వింది.

"మీ ఇంట్లో ఎంతమంది?" అని అడుగుతుంది రేడియో ఆవిడ, చిరునవ్వుతో.

"ఏడుగురం లారీ ఎక్కాం. నేను ఒక్కదాన్నే దిగాను."

"మీ అన్నయ్య ఏం చేస్తున్నాడు?"

"గుర్రాన్ని తేవడానికి వెనక్కి వెళ్ళాడు. ఇంకా రాలేదు."

"ఈ దుకాణంలో మీకేం కావాలి?"

"ఏమీ వద్దు. ఇంకో ప్రశ్న అడగండి."

మీ పేరేమిటి అని అడిగిన చోటల్లా ఆ గొంతు ఏమీ చెప్పదు. నీటిచుక్కల చప్పుడొక్కటే వినిపిస్తుంది. ఏడాదిపాటు ముంగి అక్కడ తన పేరు చెప్పుకోవాలేమో అనుకుంది.

హెడ్‌ఫోన్సు తీసేసరికి ముంగి చెవులు చల్లగా ఉన్నాయి. నడుం నుంచి మెడదాకా ఎవరో తడిగుడ్డ ఈడ్చినట్టయింది. ఇది పాఠం కాదు. ఏ దేశమూ ఇలాంటి జవాబులు రికార్డు చేసి బహుమతిగా పంపదు.

మాస్టారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినంత పని చేసింది. ఆయన మెట్లెక్కి ఆయాసపడుతూ ఏడు నంబరు అరలో కూర్చున్నారు. తొమ్మిదో క్యాసెట్ మొదటినుంచి చివరిదాకా విన్నారు.

"విన్నారా సార్?"

"బ్రహ్మాండంగా ఉంది. ఏం గొంతమ్మా ఆవిడది!"

"ఆవిడ కాదు సార్. రెండో ఆవిడ."

మాస్టారు ఆమె ముఖంలోకి చూశారు. "రెండో ఆవిడెవరు? ప్రశ్న అడుగుతోంది, తర్వాత ఖాళీ. నాకింకేం వినిపించలేదు."

ముంగి హెడ్‌ఫోన్సు లాక్కుని పెట్టుకుని టేపు వెనక్కి తిప్పింది. *ఏడుగురం లారీ ఎక్కాం*. కుడివైపు, చెవి అంచున, ఊపిరి తగిలేంత దగ్గరగా.

"బాగా చదువుతున్నావు, నాకు తెలుసు," అన్నారు మాస్టారు మెల్లగా. "ఓ వారం రోజులు ల్యాబుకి రాకు. వేళకి తిను."

వారం కాదు, పదిరోజులు వెళ్ళలేదు. ఇంట్లో మిషను ఆగినప్పుడల్లా ముంగికి చుక్కల చప్పుడు వినిపించేది. లేచి వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చేది. కుళాయి కట్టేసే ఉండేది. తల్లితో చెప్పాలని నోటిదాకా వచ్చి ఆగిపోయింది. వాగుడుకాయ పిల్ల ఒక్కసారిగా మాట తగ్గించేసరికి, తండ్రి దుకాణం నుంచి పెందలాడే రావడం మొదలుపెట్టాడు. వచ్చి ఏమీ అడగకుండా ఎదురుగా కూర్చునేవాడు.

పదకొండోరోజు ముంగి మళ్ళీ ల్యాబు మెట్లెక్కింది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయింది. ఆ గొంతు తన కోసం అక్కడ కూర్చుని ఉందని, ఇన్నిరోజులు రానందుకు నొచ్చుకుందేమోనని అనిపించిందట.

రెండో ఏడాది చివర మౌఖిక పరీక్ష. దానికి బయటినుంచి పరీక్షకురాలు వస్తుంది. కొండదేశపు రాయబార కార్యాలయంలో పనిచేసే ఆవిడ వచ్చింది. యాభై దాటినావిడ, బూడిదరంగు దుస్తులు, పొడి నవ్వు. మాస్టారు ఒక పక్కన కూర్చున్నారు. ముంగి ఈసారి జాగ్రత్తపడింది. తన జవాబులు తనే రాసుకుని, పదిరోజులు అద్దం ముందు నిలబడి అప్పజెప్పుకుంది. మేం ముగ్గురం. మా నాన్న తాళంచెవులు చేస్తాడు. మా అమ్మ బట్టలు కుడుతుంది.

"మీ ఇంట్లో ఎంతమంది?" అని అడిగింది పరీక్షకురాలు, కాగితం చూసి.

ముంగి నోరు తెరిచింది.

"ఏడుగురం లారీ ఎక్కాం. నేను ఒక్కదాన్నే దిగాను."

ఆ గొంతుతోనే వచ్చింది. ముంగి రెండు చేతులతో నోరు మూసుకుంది. పరీక్షకురాలి చేతిలోని పెన్ను బల్ల మీదనుంచి దొర్లి కింద పడింది. ఎవరూ తియ్యలేదు.

ఆవిడ కాగితం పక్కకి నెట్టింది. కాగితంలో లేని ప్రశ్న అడిగింది, అదే భాషలో, కానీ ఇంకోలా. మాటల చివరలు ముంగి కుడిచెవిలో వినేవాటిలాగే ఉన్నాయి.

"ఎక్కడ దిగావు?"

ముంగి తల అడ్డంగా ఊపింది. "నాకు తెలీదు మేడమ్. ఇది నా మాట కాదు."

"మా అమ్మమ్మ మాట్లాడేది ఇలా," అంది ఆవిడ. "ఆ లోయలో తప్ప ఇంకెక్కడా ఇలా మాట్లాడరు. ఆవిడ పోయాక ఈ యాస నేను వినలేదు. మా ఇంట్లో మాట్లాడనిచ్చేవాళ్ళు కాదు. నీకెవరు నేర్పారు?"

ముగ్గురూ ల్యాబుకి వెళ్ళారు. ఆవిడ ఏడు నంబరు అరలో కూర్చుని హెడ్‌ఫోన్సు పెట్టుకుంది. ముంగి ఆవిడ ముఖమే చూస్తూ నిలబడింది. కాసేపటికి ఆవిడ కుడిచెయ్యి లేచి కుడిచెవి మీదకి వెళ్ళి గట్టిగా అదుముకుంది.

"వినిపిస్తోందా మేడమ్?" ముంగికి ఏడుపు వచ్చేసింది. "నిజంగా వినిపిస్తోందా?"

ఆవిడ చటుక్కున ఊపిరి లోపలికి పీల్చింది.

ల్యాబు అటెండరు పేపరు మడిచి వచ్చాడు. సంగతి విని తల గోక్కున్నాడు.

"ఈ టేపుల్లో రెండు దారులుంటాయి మేడమ్. ఎడమచెవిది టీచరు గొంతు, అది చెరగదు. కుడిచెవిది స్టూడెంటు గొంతు. ఎర్ర బటన్ నొక్కితే ఎక్కుతుంది. ఇంకొకళ్ళు నొక్కేదాకా అలాగే ఉంటుంది."

మాస్టారు మెల్లగా తన కుడిచెవి పట్టుకున్నారు. "నాకిది చిన్నప్పటినుంచీ పనిచెయ్యదు," అన్నారు. సిగ్గుపడ్డట్టు, ముంగికి క్షమాపణ చెప్పుకుంటున్నట్టు అన్నారు.

"మరి ఈ అమ్మాయికి ముందు ఎనిమిదేళ్ళు స్టూడెంట్లే లేరటగా? ఇది ఎవరిది?" అని అడిగింది పరీక్షకురాలు.

అటెండరు వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టాడు. "ఒకావిడ ఉండేది," అన్నాడు చివరికి. "ఊడ్చి తుడిచే ఆవిడ. కాంట్రాక్టువాళ్ళు పంపారు. మూగదనుకున్నాం. రెండేళ్ళు చేసింది, ఒక్కమాట మాట్లాడింది లేదు. భోజనాలప్పుడు నేను కిందికి వెళ్తే ఇక్కడే ఉండేది. ఒకసారి వచ్చి చూస్తే ఈ అరలో కూర్చుని ఉంది, బకెట్ పక్కన పెట్టుకుని, మాపుకర్ర దాని మీద ఆరేసి. అలసిపోయి కూర్చుందేమోలే అనుకున్నాను."

మాపుకర్ర నుంచి బకెట్‌లోకి నీరు కారే చప్పుడు. ముంగి రెండేళ్ళుగా విన్న వాన అదే.

నలభయ్యో క్యాసెట్ వీడ్కోలు పాఠం. మళ్ళీ ఎప్పుడు కలుద్దాం అని అడుగుతుంది రేడియో ఆవిడ. పరీక్షకురాలు విని, హెడ్‌ఫోన్సు తీసి, జవాబు బయటికి చెప్పింది. "నన్ను వేరేచోటికి పంపుతున్నారు. మీరు మాత్రం ఇక్కడే ఉండండి. వాళ్ళేమన్నా సరే, కదలకండి."

కాంట్రాక్టువాళ్ళ కాగితాల్లో వెతికితే, పేరు రాయాల్సిన చోట 'మూగామె' అని మాత్రమే ఉంది, ఆవిడని వేరే ఊళ్ళో ఆస్పత్రి బట్టలుతికే విభాగానికి మార్చినట్టు తేలింది. తొమ్మిదేళ్ళయింది. పరీక్షకురాలు తను రానంది. "నేను పనిచేసే ఆఫీసు పేరు వింటే ఆవిడ నోరు విప్పదు. విప్పకపోతే తప్పు ఆవిడది కాదు," అంది.

తల్లి మాత్రం పట్టుబట్టి బయలుదేరింది. "రెండేళ్ళుగా నా ఇంట్లో ఎవరి గొంతు తిరుగుతోందో నేను చూడొద్దూ?" అంది. బస్సులో మూడు గంటలు.

ఆస్పత్రి వెనక పొడవాటి షెడ్డు. లోపల ఆవిరి, తెల్లటి దుప్పట్లు తాళ్ళ మీద వరుసలు వరుసలుగా. ఆ వరుసల మధ్య ఒకావిడ ఒంటరిగా దుప్పటి మడుస్తోంది. అరవై ఉంటాయేమో. పొట్టిగా, వెడల్పాటి భుజాలతో, తెల్లజుట్టు బిగించి ముడేసుకుని ఉంది. ముంగి దగ్గరికి వెళ్ళి ఆ లోయ మాటలో నమస్కారం చెప్పింది.

దుప్పటి నేల మీద పడిపోయింది.

ఆవిడ వెనక్కి జరగలేదు. ముందుకే వచ్చింది. తడి వేళ్ళతో ముంగి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, లోపల ఎవరున్నారో వెతుకుతున్నట్టు.

"నా గొంతు నీకెలా వచ్చింది?" అంది.

ఆవిడ వెనక్కి ఒక అడుగు వేసి, నడుం నిటారుగా పెట్టింది. ఒక్కసారిగా గొంతు మారింది. గాజుగ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు, ప్రతి అక్షరం విడిగా.

"మీ ఇల్లు ఎక్కడ?"

రేడియో ఆవిడ గొంతు అచ్చంగా. జవాబు ముంగి నాలుక మీదకి వచ్చేసింది, నీళ్ళ కింద అని. పళ్ళు బిగపట్టింది. తల్లి ఏమీ అర్థంకాక కూతురి వీపు మీద చెయ్యి వేసింది.

"బస్టాండు వెనక సందులో," అంది ముంగి. అది తన గొంతే.

"మీ ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం. ఈవిడ మా అమ్మ. బట్టలు కుడుతుంది."

ఆవిడ ఆ మాట విని తల్లి వైపు తిరిగింది. చాలాసేపు చూసి, మామూలు గొంతుతో, "మీ అమ్మకి ఈ దుప్పటి అంచు విడిపోయిందని చెప్పు. ఎప్పటినుంచో చూస్తున్నాను, సూదీ లేదు, దారమూ లేదు," అంది.

తల్లి సంచిలో సూదీదారం లేకుండా ఏ ఊరూ వెళ్ళదు. అక్కడే బల్ల మీద కూర్చుని అంచు కుట్టింది. తర్వాత ఇద్దరూ చెరో అంచూ పట్టుకుని దుప్పట్లు మడిచారు. ముంగి మధ్యలో నిలబడి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పింది.

లారీని దారిలో మూడుచోట్ల ఆపారట. ఆపినచోటల్లా కొందరిని దింపి, ఇంకో లారీ ఎక్కించి, ఇంకో వైపు పంపారట. చివరిచోట దిగేసరికి ఆవిడ ఒక్కతే. అన్న అసలు లారీయే ఎక్కలేదు, గుర్రం కోసం పరుగెత్తాడు. అప్పటికే లోయలోకి నీళ్ళు వదిలేశారు. పని వెతుక్కుంటూ సరిహద్దులు దాటి ఈ దేశం వచ్చాక, ఏ ఊళ్ళోనూ ఆవిడ భాష ఎవరికీ రాదు. మాట్లాడడం మానేసింది. ఒకరోజు ల్యాబు తుడుస్తుంటే, ఎవరో పిల్ల అరలో వదిలేసి వెళ్ళిన హెడ్‌ఫోన్సులోంచి సన్నగా తన దేశపు మాట వినబడింది.

"మరి అది టేపని తెలీదా?" అని తల్లి అడిగించింది.

ఆవిడ నవ్వింది. "నేను పిచ్చిదాన్ని కాదు. తెలుసు. ఎర్రదీపం వెలిగితే వింటోందనుకునేదాన్ని, అంతే. నీ ఇల్లెక్కడ అని ఆవిడ నన్ను అడిగింది. ఇంకెవరూ అడగలేదు."

తిరుగు బస్సులో ముంగి బాధపడింది. అన్నీ చెప్పిందిగానీ, ఇంతసేపు మాట్లాడినా పేరు చెప్పలేదని.

"నాకు చెప్పిందిగా," అంది తల్లి.

"నీకు భాషే రాదు కదమ్మా!"

"గుండె మీద చెయ్యేసుకుని ఒక మాటంది. పేరు కాక ఇంకేంటి?"

"ఏమంది?"

"నీకు చెప్పాలనుకుంటే నీకే చెప్పేది," అని తల్లి కిటికీ వైపు తిరిగింది. ఎంత బతిమాలినా చెప్పలేదు.

మూడో ఏడాది ముంగి తన ప్రాజెక్టు ఆ లోయ గురించే రాసింది. సరిహద్దుల ప్రొఫెసర్ రెండు వారాలు దగ్గర పెట్టుకుని, ఆధారాలేవి అని అడిగాడు. నలభై క్యాసెట్లూ బల్ల మీద పెట్టింది. "పేరు లేని మనిషిని ఆధారంగా ఎలా చూపిస్తావు?" అన్నాడు. "పేరుంది సార్. మా అమ్మకి తెలుసు," అంది ముంగి. ఆయన నవ్వలేదు. మార్కులు ఒక మోస్తరుగా వేశాడు. మరుసటి ఏడాది నుంచి మాత్రం ఆ రెండు మార్కుల ప్రశ్న పేపర్లో కనిపించలేదు. జవాబు మార్చలేక ప్రశ్నే తీసేశాడని మాస్టారు ఒక సాయంత్రం టీ తాగుతూ చెప్పారు.

ఇప్పుడు ముంగికి ముప్పై దగ్గరపడుతున్నాయి. వేరే దేశాల నుంచి వచ్చి ఆశ్రయం అడిగేవాళ్ళ మాటలు నమోదుచేసే ఆఫీసులో దుబాసీగా పనిచేస్తోంది. చిన్న గది, బల్ల, మూడు కుర్చీలు. ఎదుటి మనిషి ఏం చెప్తే అది, ఏమీ కలపకుండా, ఏమీ తీసెయ్యకుండా తన నోటితో చెప్పాలి. నేను చూశాను, నేను పరిగెత్తాను అని రోజంతా ఇతరుల 'నేను'లు పలుకుతుంది. కొన్ని సాయంత్రాలు ఇంటికి వచ్చాక తండ్రి ఏదైనా అడిగితే, జవాబు చెప్పే ముందు ఒక్క క్షణం ఆగుతుంది. వచ్చేది ఎవరి గొంతో చూసుకుంటుంది.

దుప్పట్లు మడిచే ఆవిడ ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. నెలకోసారి తల్లీకూతుళ్ళిద్దరూ వెళ్ళి వచ్చేవారు. ఆవిడ పోయాక, ఈ చుట్టుపక్కల ఆ లోయ మాట మాట్లాడేది ముంగి ఒక్కతే మిగిలింది. తాళంచెవులు చేసేవాడి కూతురు, ఆ లోయని కళ్ళతో చూడనిది.

అప్పుడప్పుడు పరీక్షకురాలు ఫోన్ చేస్తుంది. ఉద్యోగం మానేసి ఎక్కడో ఒంటరిగా ఉంటోంది. పలకరింపులేమీ ఉండవు. "ఏదో ఒకటి మాట్లాడమ్మాయ్. ఏదైనా ఫరవాలేదు," అంటుంది. ముంగి ఫోన్ చెవికి పెట్టుకుని వీధి గుమ్మంలో కూర్చుని, ముంపుకింద పోయిన పదకొండు ఊళ్ళ మాటలో, పొద్దున ఆఫీసులో లిఫ్టు ఆగిపోయిన సంగతీ, అందులో చిక్కుకున్న ఇద్దరు గుమస్తాలు ఎప్పటి తగాదానో తెగ్గొట్టుకుని నవ్వుకుంటూ బయటికి వచ్చిన సంగతీ, మెట్ల మీద ఎవరో టమాటాల సంచి జారవిడిస్తే అందరూ వంగి ఏరిన సంగతీ చెబుతూ పోతుంది. అవతల ఆవిడ ఏమీ అనదు. వింటుంది.